అడుగు లేని గ్లాసు

సూర్యకొండ మీద చైర్మన్ గారికి జరిగిన అవమానంతో వచ్చింది ఈ గొడవంతా.

సూర్యకొండ పర్యాటక ప్రాధికార సంస్థ చైర్మన్ గారు ఒక సాయంత్రం కొండెక్కి, అంచున కొత్తగా వేయించిన ఇనుప రెయిలింగుకి రిబ్బను కత్తిరించి, ఫొటోకి నిలబడ్డారు. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. రెయిలింగు బ్రహ్మాండంగా వచ్చింది. కత్తెర వచ్చింది, రిబ్బను వచ్చింది. చైర్మన్ గారు కూడా మెడ దాకా వచ్చారు. ఆ పైన, మొహం ఉండాల్సిన చోట, ఇడ్లీ అంత తెల్లటి మచ్చ ఉంది. పేపరువాళ్ళు నిజాయితీపరులు కాబట్టి కింద ఇలా వేశారు: "చిత్రంలో తెల్లగా కనిపిస్తున్నది చైర్మన్ గారు."

ఊరుకుంటారా? తెల్లమచ్చ విచారణ సంఘం వేశారు. ముగ్గురు సభ్యులు నాలుగు నెలల్లో పదకొండుసార్లు కొండెక్కారు, పదకొండుసార్లూ బొంగులో చికెన్ తిన్నారు, రెండువందల పన్నెండు పేజీల నివేదిక ఇచ్చారు. "మచ్చకు ప్రధాన బాధ్యుడు సూర్యుడేనని సంఘము ఏకగ్రీవముగా అభిప్రాయపడుచున్నది. అయితే సదరు సూర్యుడు సంస్థ పరిధిలోనికి రాడు. వారికి పంపిన సంజాయిషీ నోటీసు బట్వాడా కాక తిరిగివచ్చినది" అని నూట తొంభయ్యో పేజీలో ఉంది.

సూర్యుణ్ణి ఏమీ చేయలేకపోతే చేయగలిగింది కెమెరానే. కెమెరా లెన్సు మీద పక్కనుంచి ఎండ పడకుండా ముందు తగిలించే నల్లటి గొట్టం ఒకటుంటుందని, దాన్ని లెన్స్ హుడ్ అంటారని సంఘంలో ఒకాయన కనిపెట్టాడు. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చేసింది. "ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునదేమనగా, కటకము గల ఏ వస్తువునైనను తగు కవచము లేనిదే కొండపైకి తీసుకొనిపోరాదు." కటకం అంటే లెన్సు, కవచం అంటే హుడ్డు. కెమెరా అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే పోయేది. "కటకము గల ఏ వస్తువునైనను" అని రాసిన మహానుభావుడెవరో గానీ, కొంప ముంచింది ఆయనే.

ఈ ఉత్తర్వు సంగతి బొబ్బిలిలో ఉన్న రామజోగి మాస్టారికి తెలియదు. ఆయన ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయనకి ఇష్టమైన పద్ధతి ఒకటుంది. ఎదుటివాడి మాట తప్పని తేల్చాలంటే ముందు దాన్ని ఒప్పేసుకోవడం. "ఒకవేళ అలాగే అనుకుందాం" అని మొదలుపెట్టి, ఆ మాటని చెయ్యిపట్టుకుని నడిపించి నడిపించి, ఎక్కడో అర్థంలేని చోట నిలబెట్టి, "చూశావా, అసంభవం! కాబట్టి నువ్వన్నదే తప్పు" అని సుద్దముక్క విసిరేయడం. బళ్ళో ఈ పద్ధతి ముప్పై నాలుగేళ్ళు పనిచేసింది. ఇంట్లో వరహాలమ్మ దగ్గర ఒక్కసారీ పనిచేయలేదు.

లెక్కల తర్వాత ఆయనకున్న పిచ్చి ఫొటోలు. ఆ పిచ్చికి మూలం కూడా సూర్యకొండే. పెళ్ళయిన కొత్తలో, ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, కెమెరా అరువు తెచ్చుకుని భార్యని ఆ కొండ మీద కుర్చీరాయి మీద కూర్చోబెట్టి ఫొటో తీశారు. నెమలికంఠం రంగు పట్టుచీర వచ్చింది, జడ వచ్చింది, జడలో కనకాంబరాలు వచ్చాయి. మొహం మాత్రం తెల్లమచ్చ. చైర్మన్ గారికంటే ముప్పై ఏళ్ళ ముందే ఆ ఘనత వరహాలమ్మకి దక్కింది.

"మొహం లేని పెళ్ళాన్ని కట్టుకున్నారు పాపం" అని ఆవిడ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ ఫొటో చూపించేది. నవ్వుతూనే చూపించేది. కానీ మళ్ళీ తీస్తానన్న మాట మాస్టారి గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఉద్యోగం, పిల్లలు, పిల్లల పెళ్ళిళ్ళు, ఆ తర్వాత వరహాలమ్మ కంట్లో శుక్లం. పోయిన నెల ఆ శుక్లం తీసి కంట్లో కొత్త లెన్సు వేశారు. డాక్టరు ప్రయాణం చేయొచ్చు అన్న రోజునే మాస్టారు బస్సు టైము కనుక్కున్నారు.

సంచి సర్దేటప్పుడు తగువొచ్చింది. తగువు హుడ్డు గురించి.

మాస్టారు పదకొండేళ్ళ కిందట కెమెరాతోపాటు ఒక హుడ్డు కొన్నారు. అది హంపి వెళ్ళింది, కాశీ వెళ్ళింది, కోణార్క వెళ్ళింది. ఒక్కసారి కూడా కెమెరాకి ఎక్కలేదు. తగిలిస్తే కెమెరా సంచిలో పట్టదు, తీసి తగిలించేలోపు కొంగ ఎగిరిపోతుంది, గుడి మీద ఎండ దిగిపోతుంది. అయినా మోశారు.

"అడుగు లేని గ్లాసు మోసుకుని దేశాలు తిరిగే మనిషిని మిమ్మల్నే చూశాను" అంది వరహాలమ్మ. "కాశీలో టీ పోసుకుందామంటే అడుగు లేదు. పోనీ ఫొటోకైనా పనికొచ్చిందేటి? ఎండ పడితే చెయ్యి అడ్డం పెట్టుకుంటే చాలదా? తీసేయండి దాన్ని. ఆ చోట్లో నా జంతికల డబ్బా పడుతుంది."

"ఒకవేళ అలాగే అనుకుందాం..." అని మాస్టారు మొదలుపెట్టారు.

"మీరేటైనా అనుకోండి" అని ఆవిడ హుడ్డు తీసి గూట్లో పడేసి, డబ్బా సర్దేసింది.

పదకొండేళ్ళలో మొదటిసారి ఆ హుడ్డు ఇంట్లో ఉండిపోయింది.

నాలుగు గంటలు బస్సులో ఊగి, మధ్యాహ్నం మూడున్నరకి సూర్యకొండ గేటు దగ్గర దిగారు. గేటు కాపలా సన్యాసయ్యకి యాభై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. పక్కనే రెండు బోర్డులున్నాయి. ఒకదాని మీద ఉత్తర్వు. రెండోదాని మీద "రేపటినుండి అభివృద్ధి పనుల నిమిత్తం కొండ మూసివేయబడును. తిరిగి తెరచు తేదీ తెరచిన పిమ్మట తెలియజేయబడును."

"హుడ్డుందా బాబూ?" అన్నాడు సన్యాసయ్య.

"ఉంది" అన్నారు మాస్టారు. "ఇంట్లో."

"ఇంట్లో ఉంటే ఇంట్లో ఫొటోలు తీసుకోవాల బాబూ. నానేటి చేస్తాను? అదిగో ఆ ఆఫీసులోకెళ్ళి కవచాధికారి గారిని అడగండి. బేగెళ్ళండి, ఆరుకి గేటు మూసేస్తాం."

మాస్టారు భార్య వైపు చూశారు. ఆవిడ జంతికల డబ్బా వైపు చూసింది. ఆ తర్వాత ఇద్దరూ ఆఫీసు వైపు నడిచారు.

కవచాధికారి త్రివిక్రమరావు గారు ఉత్తర్వులోంచి పుట్టినట్టే ఉన్నారు. ముక్కు మీద కళ్ళద్దాలు, బల్ల మీద రబ్బరు స్టాంపులు, "కవచ విభాగము" అన్న చెక్కపలక.

"రండి, ఆసీనులు కండి. అర్జీ స్వభావమేమి?"

మాస్టారు చెప్పారు. ముప్పై ఒక్క ఏళ్ళ కథ మొత్తం చెప్పారు. అధికారి శ్రద్ధగా విన్నారు.

"మీ మనోభావాలను విభాగము గౌరవించుచున్నది. కవచం లేనివారికి సంస్థ తరఫున ఎరువు కవచం ఇవ్వబడును" అని బీరువాలోంచి ఒకటి తీసిచ్చారు. అది పప్పుగిన్నె అంత ఉంది. మాస్టారి లెన్సు టీకప్పు అంత.

"ఇది పట్టదండీ."

"అన్నీ ఒకే సైజు. టోకున తెప్పించితిమి. కవచము ఉండవలెనన్నదే నిబంధన. పట్టవలెనని నిబంధనలో లేదు. పురికొస ఇప్పిస్తాను, కట్టుకోండి."

అక్కడితో దండం పెట్టి లేచొస్తే, నాలుగింటికల్లా కొండ మీద ఉండేవాళ్ళు. కానీ మాస్టారి నోట్లో నువ్వుగింజ నానదు. అందులోనూ తప్పు లెక్క కళ్ళెదుట కనిపిస్తే ఆయనకి ఒళ్ళు మండుతుంది.

"ఒకవేళ మీ నిబంధనే సరైందనుకుందాం" అన్నారు. వరహాలమ్మ మోచేత్తో పొడిచింది. ఆయన ఆగలేదు. "లెన్సున్న ప్రతిదానికీ హుడ్డుండాలి. బాగుంది. మరి జనం జేబుల్లో సెల్‌ఫోన్లున్నాయి, వాటికి తలా మూడు లెన్సులు. వాటికి హుడ్లు పెడతారా? అసంభవం! కాబట్టి..."

త్రివిక్రమరావు గారు పెన్ను మూత తీశారు. "మూడు లెన్సులా? అంటే ఫోనుకి మూడు కవచాలు. ఇది విభాగం దృష్టికి రాలేదు మాస్టారూ. ధన్యవాదాలు." ఉత్తర్వు కింద రాసుకుని, స్టాంపు వేసి, "తక్షణం అమల్లోకి వచ్చింది. ఫోన్లు బయట పెట్టండి" అన్నారు.

రెండు ఫోన్లూ బల్ల మీదికొచ్చాయి. వాటికి టీ తాగే కాగితం కప్పులు ఆరు, అడుగులు కోసి, జిగురు టేపుతో అంటించారు. దానికి ఇరవై నిమిషాలు పట్టింది.

"మీరూరుకోండి" అంది వరహాలమ్మ చెవిలో.

ఊరుకుంటే ఆయన లెక్కల మాస్టారెందుకవుతారు! "అయ్యా, మీరు నా మాట అర్థం చేసుకోలేదు. అది అసంభవం అంటున్నాను. అలాగైతే కళ్ళద్దాలూ లెన్సులే కదా! కళ్ళద్దాలకీ హుడ్లు పెట్టుకుని తిరుగుతారా జనం? మీరే పెట్టుకుంటారా?"

అధికారి తన కళ్ళద్దాలు తీసి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. మొహం పాలిపోయింది. "ఇన్నాళ్ళుగా నేనే నిబంధన ఉల్లంఘిస్తున్నాను" అన్నారు మెల్లిగా. పాత ఫైలు అట్ట చింపి, రెండు గొట్టాలు చుట్టి, తన కళ్ళద్దాలకి బిగించుకున్నారు. ఇప్పుడాయన మాస్టారిని చూడాలంటే తల మొత్తం తిప్పాల్సి వస్తోంది. "తమ కళ్ళద్దాలూ ఇటివ్వండి."

"అయ్యా! లెక్కల్లో ఏదైనా అసంభవం అని తేలితే, మొదటి మాటే తప్పని అర్థం!"

"అది లెక్కల్లో మాస్టారూ. మా దగ్గర అసంభవం అని తేలితే టెండరు పిలుస్తాం."

వరహాలమ్మకి ఓపిక అయిపోయింది. గోడ గడియారం ఐదుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. భర్త నోరు మూయించడం ఎటూ కుదరదు కాబట్టి అధికారినే మంచి చేసుకుందామనుకుంది పాపం.

"ఆయన మాటలకేం లెండి బాబూ. నాకు కళ్ళద్దాలూ లేవు, ఏమీ లేవు. శుక్లం తీసి కంట్లోనే లెన్సు వేసేశారు. నన్నొదిలేయండి, నేను పైకెళ్ళి కూచుంటాను."

త్రివిక్రమరావు గారు మళ్ళీ పెన్ను మూత తీశారు. పుణ్యానికి పోతే పాపం ఎదురయిందని ఆవిడకి అప్పుడర్థమైంది.

"కంట్లో..." అన్నారు అధికారి, గొట్టాల్లోంచి ఆవిడని వెతుక్కుంటూ. "అంటే ప్రకటించని కటకంతో గేటు లోపలికి వచ్చారన్నమాట."

పది నిమిషాల్లో వరహాలమ్మ మొహానికి అట్టపెట్టె వచ్చి చేరింది. కళ్ళ ముందు రెండు గొట్టాలు, చెవుల వెనక పురికొస. గొట్టాల మీద "కుడి కవచము", "ఎడమ కవచము" అని స్టాంపులు. ఎడమ కంట్లో లెన్సు లేదని ఆవిడ మొత్తుకుంది. "సమానత్వము నిమిత్తం" అన్నారు అధికారి.

భార్యని ఆ అవతారంలో చూసేసరికి మాస్టారికి కోపం నషాళానికి ఎక్కింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఎదురుచూసిన మొహం అది. దానికి ఫైలు అట్ట కట్టారు.

"ఇంతమందికి ఇన్ని మూతలెందుకయ్యా!" అని గావుకేక పెట్టారు. "ఎండ పడకూడదు, అంతే కదా? ఆ కొండ మొత్తానికీ ఒక హుడ్డు కట్టించి, సూర్యుడికే మూత పెట్టేయండి! పీడా పోతుంది!"

త్రివిక్రమరావు గారు లేచి నిలబడ్డారు. బల్ల చుట్టూ తిరిగొచ్చి, రెండుసార్లు గాలిని పట్టుకుని, మూడోసారికి మాస్టారి చెయ్యి దొరకబుచ్చుకున్నారు.

"మహాశయా! విచారణ సంఘానికి నాలుగు నెలల్లో తట్టని పరిష్కారం. ఎటూ రేపటినుంచి పనులు మొదలు. ఏ పనులో ఇంకా నిర్ణయించలేదు. ఇప్పుడు నిర్ణయమైపోయింది."

ఐదున్నరకి కుర్చీరాయి దగ్గరికి చేరారు. పశ్చిమాన, రాయికి కుడిపక్క, సూర్యుడు కొండల మీదికి వాలుతున్నాడు. వరహాలమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని, అట్టపెట్టెలోంచి దారి చూసుకుంటూ, రెండుసార్లు తప్పటడుగు వేసి, రాయి మీద కూర్చుంది. అదే నెమలికంఠం చీర. జడ సన్నబడింది, కనకాంబరాలు మాత్రం గేటు దగ్గర కొన్నవి, తాజావి.

మాస్టారు గొట్టాల కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఎరువు హుడ్డు కట్టిన కెమెరాలోంచి చూశారు. బావిలోంచి ఆకాశం చూసినట్టుంది. చుట్టూ నలుపు, మధ్యలో రూపాయి బిళ్ళంత వెలుగు, అందులో అట్టపెట్టె. నొక్కారు. తెర మీద చూసుకున్నారు.

"ఏటొచ్చింది?" అంది వరహాలమ్మ.

"కుడి కవచము, ఎడమ కవచము వచ్చాయి."

ఆవిడ అట్టపెట్టె పీకి రెయిలింగు అవతలికి విసిరేసింది. "అప్పుడు మచ్చ, ఇప్పుడు అట్ట. నా మొహం ఈ కొండకి కిట్టదండీ. పదండి ఇంటికి" అంది. ఆ గొంతులో నవ్వు లేదు. ముప్పై ఒక్క ఏళ్ళూ నవ్వుతూ చెప్పిన మాటలో నవ్వు లేకపోవడం మాస్టారు మొదటిసారి విన్నారు. ఆయనకి ఏడుపొచ్చినంత పనయింది.

పురికొస తెంచేసి, హుడ్డు తీసేసి, మళ్ళీ నొక్కారు. తెల్లమచ్చ. రెండడుగులు పక్కకి జరిగి నొక్కారు. మచ్చ కూడా జరిగింది. తన చెయ్యే అడ్డం పెడదామంటే, లెన్సు బరువుకి ఒంటిచేత్తో కెమెరా వణికిపోతోంది. సూర్యుడు కొండకి జానెడు దూరంలో ఉన్నాడు. రేపు ఈ కొండ ఉండదు, ఉన్నా ఎండ ఉండదు. ఆ సలహా ఇచ్చిన పెద్దమనిషి కూడా తనే.

అప్పుడే మోకాళ్ళు పట్టుకుంటూ సన్యాసయ్య పైకొచ్చాడు. "టైమైపోనాది బాబూ, దిగాల" అన్నాడు రొప్పుతూ. వరహాలమ్మ కళ్ళు తుడుచుకుని, అలవాటు కొద్దీ డబ్బా మూత తీసి పెట్టింది. ఆవిడకి ఎంత దుఃఖమొచ్చినా ఎదుటి మనిషి ఒట్టినోటితో నిలబడితే చూడలేదు.

"కూకో తమ్ముడూ. మోకాళ్ళతో ఇంత కొండెక్కొచ్చావు. తిను."

సన్యాసయ్య నాలుగు జంతికలు నమిలాడు. వాము తగిలి మొహం విప్పారింది. వీళ్ళిద్దరి వాలకం చూశాడు, కింద పడున్న హుడ్డు చూశాడు, కెమెరా మీద పడుతున్న ఎండ చూశాడు. నూనె చెయ్యి లాగుకి తుడుచుకుని, మాస్టారి పక్కకొచ్చి, కెమెరాకి కుడిపక్క అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడు నొక్కండి బాబూ."

"నీ ఉద్యోగం పోదటయ్యా?"

"నా డూటీ గేటు కాడ బాబూ. ఇక్కడ నాను ఉత్త సన్నాసయ్యని. నొక్కండి, పొద్దు పోతంది. అమ్మా, ఇలగ చూడమ్మా, కూతంత నవ్వు."

మాస్టారు నొక్కారు.

దిగేటప్పుడు ఆయన ఒక్క మాటే అన్నారు. "హుడ్డు తెచ్చుంటే ఆ సన్యాసయ్యకి పెట్టడానికేముండేది?" వరహాలమ్మ జంతికల డబ్బా ఊపుకుంటూ ముందు నడిచింది.

ఆ ఫొటో బొబ్బిలిలో కాగితం మీదికి ఎక్కింది. చీర, కనకాంబరాలు, మొహం, మొహంలో నవ్వు, అన్నీ వచ్చాయి. కుడి అంచున సన్యాసయ్య బొటనవేలు కూడా వచ్చింది. కొత్త లెన్సున్న కంటితో వరహాలమ్మ చాలాసేపు చూసుకుంది.

"ఇన్ని ముడతలేటండీ?" అంది. "ఆ పాత మచ్చే నయం. అందులో ఇంకా ఇరవైరెండేళ్ళే నాకు."

అని, రెండు ఫొటోలూ పక్కపక్కన గోడకి కొట్టించింది. వచ్చినవాళ్ళకి రెండూ చూపిస్తుంది. సన్యాసయ్య వేలు కనపడకుండా కత్తిరిస్తానని మాస్టారంటే ఒప్పుకోలేదు.

తొమ్మిది నెలల తర్వాత పేపర్లో వార్త వచ్చింది. సూర్యకొండ శిఖరానికి సిమెంటు మహాకవచం పూర్తయింది. నూట ఇరవై అడుగుల గొట్టం, లోపలంతా నల్లరంగు, ఒక్క కిరణం దూరదు. చైర్మన్ గారు స్వయంగా లోపలికెళ్ళి రిబ్బను కత్తిరించి ఫొటోకి నిలబడ్డారు. వార్త పైన ఆ ఫొటో వేశారు. చదరంగా, నున్నగా, అట్లపెనం రంగులో ఉంది. కింద ఇలా ఉంది: "చిత్రంలో నల్లగా కనిపిస్తున్నది చైర్మన్ గారు."

అదే రోజు మాస్టారికి సంస్థనుంచి ఒక ఉత్తరం కూడా వచ్చింది. నల్లమచ్చ విచారణ సంఘం వేశారట. మహాకవచానికి మూలపురుషులు కాబట్టి సాంకేతిక సలహాదారుగా తమరే రావాలట. సలహా ఏదైనా ఉంటే తిరుగుటపాలో తెలియజేసినా చాలునట.

మాస్టారు ఉత్తరం పక్కన పెట్టి, కళ్ళద్దాలు సర్దుకుని, ఊపిరి పీల్చుకున్నారు.

"ఒకవేళ..." అన్నారు.

వరహాలమ్మ జంతికల పిండి చేత్తోనే పరుగెత్తుకొచ్చి, ఆయన నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.